ఆత్రేయపురం పూతరేకుల వారికి, ఒక పార్సిల్ కౌంటర్ నుంచి

ఆత్రేయపురంలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ రేకులు తీసేవారికి, చుట్టేవారికి, కొట్లు నడిపేవారికి, మన తయారీదారుల సంఘం పెద్దలకు నమస్కారమండి.

నేను రావులపాలెంలో పార్సిల్ కౌంటర్ మీద కూర్చుంటాను. మీలో సగం మందికి నా మొహం తెలుసు. "అమ్మాయ్, పూతరేకులమ్మా, పైన బరువు పెట్టనివ్వకు" అని రోజూ చెప్పేది నాకే. మా అమ్మ పెళ్లై వచ్చిన దగ్గర్నుంచి రేకులు తీసిన మనిషి. కాబట్టి బయట నుంచి వచ్చి మీకు వ్యాపారం నేర్పుతున్నానని అనుకోకండి. కౌంటర్ ఇవతల కూర్చుంటే మీకు కనపడనివి కొన్ని నాకు కనపడతాయి. అవి చెబుదామనే ఈ ఉత్తరం.

పోయిన శ్రావణమాసంలో ఒకావిడ కూకట్‌పల్లి నుంచి ఫోన్ చేశారు. "మీ దగ్గర్నుంచి పోయిన నెల పూతరేకులు వచ్చాయండి, మళ్లీ నాలుగు పెట్టెలు పంపుతారా? వ్రతానికి కావాలి" అన్నారు. ఇది కొరియర్ ఆఫీసు అమ్మా, మేము చేయం అన్నాను. "అయితే చేసినవాళ్ల నంబరు ఇవ్వండి" అన్నారు. రికార్డు తీసి చూశాను. పంపినవారి పేరు దగ్గర వాళ్ల తమ్ముడి పేరే ఉంది. వాడపల్లి వెంకన్న దర్శనానికి వచ్చి, దారిలో ఎక్కడో కొని, నా దగ్గర పార్సిల్ కట్టించి వెళ్లాడు. ఏ కొట్లో కొన్నాడో అతనికి గుర్తు లేదట. "రోడ్డు పక్కన, ఎడమ చేతి వైపు" అన్నాడట.

ఆవిడ ఊరుకోలేదు. ఖాళీ పెట్టె దాచుకున్నారేమో, నాలుగు వైపులా ఫొటోలు తీసి నాకు వాట్సాప్ చేశారు. పైన 'ఆత్రేయపురం స్పెషల్ పూతరేకులు', కింద 'స్వచ్ఛమైన నేతితో', పక్కన ఆవు బొమ్మ. అంతే. ప్రింటింగ్ ప్రెస్సులో వందల లెక్కన రెడీగా దొరికే పెట్టె అది. మన కొట్లలో ఎంతమంది దగ్గర ఉందో మీకే తెలుసు. "బెల్లంలో యాలకులు బాగా తగిలాయండి, మా మామగారికి అదే నచ్చింది" అని ఒక ఆనవాలు కూడా చెప్పారు పాపం. యాలకులు దట్టించేవాళ్లు నాకు తెలిసే పది మంది ఉన్నారు. ఎవరని చెప్పను?

రెండ్రోజుల తర్వాత ఆవిడే మెసేజ్ పెట్టారు. "దొరికాయిలెండి, ఫోన్లో వెతికితే ఇక్కడే ఎవరో ఆత్రేయపురం పేరుతో అమ్ముతున్నారు."

నాలుగు పెట్టెల బేరం పోయిందన్నది కాదండి నా బాధ. ఆ ఇంట్లో ముసలాయనకి మన రేకు రుచి పట్టింది. ఆ ఇల్లు మీకు పదేళ్ల ఖాతా. ఏటా వ్రతానికో, అమ్మాయి సారెకో, సంక్రాంతికో అడిగేవాళ్లు. పెట్టె మీద పేరూ నంబరూ లేక, వెతికితే మీరు కనపడక, ఆ ఖాతా ఇంకొకరి పుస్తకంలోకి పోయింది. పోయినట్టు మీకు తెలియను కూడా తెలియలేదు.

ఇంటర్నెట్ మాటెత్తితే మన పెద్దలు చెప్పే జవాబు ఒకటే. "సరుకు మంచిదైతే వెతుక్కుంటూ వస్తారమ్మా." ఆయ్, నిజమేనండి. వెతుకుతూనే ఉన్నారు. మీరు దొరకట్లేదు.

ఎలా వెతుకుతున్నారో కూడా చెబుతాను. వాడపల్లికి ఏడు శనివారాలు మొక్కుకున్నవాళ్లు ఏడు సార్లు వస్తారు. ఆ ఏడు సార్లూ మన కొట్ల ముందు నుంచే వెళ్తారు. మొక్కు తీరిపోయాక ఎనిమిదో శనివారం వాళ్లు విశాఖలోనో బెంగళూరులోనో ఇంట్లో కూర్చుని ఉంటారు. అప్పుడు తినాలనిపిస్తే చేతిలో ఉన్నది ఫోనే. అందులో ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు. ఒకరు రెండు 'ఓ'లు పెట్టి కొడతారు, ఒకరు 'యు' పెడతారు, ఒకరు 'హెచ్' మింగేస్తారు. ఈమధ్య చాలామంది అసలు టైపే చేయట్లేదు, మైకు నొక్కి తెలుగులో అడుగుతున్నారు. ఎలా అడిగినా ఫోన్ చూపించేది తనకు తెలిసిన కొట్లనే. హైవే పక్కన పెద్ద బోర్డు పెట్టుకున్న నాలుగైదు దుకాణాలు, నగరాల్లో స్వీటు షాపులు, మన ఊరి మొహం చూడని ఆన్‌లైన్ పేర్లు. ఇంటి వసారాలో మూడు కుండలు పెట్టుకుని నలభై ఏళ్లుగా చేస్తున్న మనిషి దానికి తెలియదు. ఎవరూ చెప్పలేదు కాబట్టి తెలియదు.

చెప్పడానికి డబ్బేమీ కానక్కర్లేదు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అని ఉంది, పైసా ఖర్చు లేదు. మీ కొట్టు పేరు, మ్యాపులో చోటు, ఫోన్ నంబరు, తెరిచే వేళలు, నాలుగు ఫొటోలు పెడితే చాలు. ఆ కొట్టు మీదేనని రుజువు చేయడానికి చాలావరకు వీడియో అడుగుతారు. వీధి, బోర్డు కనపడేలా తీస్తూ తాళం తీసి లోపలికి వెళ్లి చూపించాలి. మన పిల్లలు రీల్స్ కోసం తీసే దానిలో పదో వంతు కష్టం కూడా ఉండదు.

ఇక్కడే ఒక హెచ్చరిక. మా పిన్నికి చిన్న కొట్టు ఉంది. మూడేళ్ల క్రితం టై కట్టుకున్న కుర్రాడొకడు వచ్చి "మిమ్మల్ని గూగుల్‌లో పెడతాం" అని ఆరు వేలు పట్టుకెళ్లాడు. పెట్టాడు, నిజమే. కానీ తన మెయిల్ ఐడీతో పెట్టాడు. మరుసటి ఏడాది పిన్ని నంబరు మారింది. మార్చమంటే మళ్లీ ఆరు వేలన్నాడు. ఇవ్వకపోతే పాత నంబరే ఉంచేశాడు. వచ్చిన ఫోన్లన్నీ ఎవరూ ఎత్తని సిమ్‌కి మోగుతున్నాయి. ఇంతలో ఒకాయన "ఎన్నిసార్లు చేసినా ఎత్తరు" అని ఒక్క స్టార్ ఇచ్చి పోయాడు. చివరికి ఈ కొట్టు మాదేనని గూగుల్‌కి అర్జీ పెట్టుకుని, వీడియో తీసి పంపి, వెనక్కి తెచ్చుకునేసరికి రెండు నెలలు పట్టింది. మన ఇంటి పట్టా ఎవరి పేరున రాయించుకుంటామో ఇదీ అంతే. మెయిల్ మీదై ఉండాలి, పాస్‌వర్డు మీ ఇంట్లో ఉండాలి. అబ్బాయి ఫోన్‌లో మాత్రమే ఉంటే వాడు హైదరాబాద్ ఉద్యోగానికి వెళ్లిన రోజున కొట్టు కూడా వాడితో పాటు బస్సెక్కుతుంది.

నంబరు సంగతి ఇంకాస్త చెప్పాలి. మనవాళ్లు ఆఫర్ ఉందని సిమ్ మార్చేస్తారు. కొట్టుకంటూ ఒక నంబరు పెట్టుకోండి, దాన్ని మాత్రం మార్చకండి. దాని మీద వాట్సాప్ బిజినెస్ వేసుకోండి. అది 2018 నుంచి మన దేశంలో ఉంది, ఉచితమే. అందులో కేటలాగు అని ఉంటుంది. పంచదారవి, బెల్లంవి, డ్రైఫ్రూట్‌వి, చుట్టని ఖాళీ రేకులు, ఏది ఎంతో ఫొటోతో సహా పెట్టేయొచ్చు. రోజుకి ముప్పై సార్లు "బెల్లంవి పెట్టె ఎంతండి" అన్న ప్రశ్నకి జవాబు చెప్పే పని తప్పుతుంది. చేతికి పిండి అంటుకుని ఉన్నప్పుడు ఫోన్ ఎత్తలేం కదా, "రేకులు తీస్తున్నాం, సాయంత్రం చేస్తాం" అని దానంతట అదే జవాబిచ్చేలా పెట్టుకోవచ్చు.

"ఆర్డర్లు ఎక్కువైపోతే ఎక్కడ చేసి పెట్టను?" అని ఒక బాబాయిగారు నా కౌంటర్ దగ్గరే అన్నారు. మంచి ప్రశ్నే. రేకు యంత్రం మీద పోసేది కాదు, మనిషి చేతిలోంచి రావాలి. కానీ "ఈ వారానికి అయిపోయాయి, వచ్చే మంగళవారం పంపుతాం" అని ఒక స్టేటస్ పెడితే పోయేదేముంది? నిజంగా చేతితో చేసేవాడి దగ్గరే సరుకు అయిపోతుందని కొనేవాళ్లకీ తెలుసు. పైగా మనకి అసలు కష్టం ఆర్డర్లు ఎక్కువ కావడం కాదు, ఒక నెల తొక్కిసలాట, ఒక నెల ఈగలు తోలుకోవడం. దసరా నుంచి సంక్రాంతి దాకా ఊపిరాడదు. మూఢం వస్తే పెళ్లిళ్లు ఆగిపోతాయి, సారెలు ఉండవు, రేకులు తీసే ఆడవాళ్లకి కూలి ఉండదు. అలాంటి రోజుల్లోనే దూరాన ఉన్న పాత ఖాతాదారులకి ఒక మెసేజ్ వెళ్లాలి. 2020 లాక్‌డౌన్‌లో గుడి మూసి, రోడ్డు మీద బండి లేనప్పుడు ఎవరెలా గడిపారో మీకు గుర్తుండే ఉంటుంది. సడలింపులు ఇచ్చి పార్సిళ్లు మొదలవగానే నా కౌంటర్‌కి ముందుగా వచ్చింది పెద్ద కొట్లవాళ్లు కాదు. ఫోన్‌లో రెండు వందల మంది ఖాతాదారుల నంబర్లు పేర్లతో సహా రాసి పెట్టుకున్న ఒక అక్క.

ఇక ఫొటోల మాట. మీరు పంపే ఫొటోలన్నీ ఒకేలా ఉంటాయండి. స్టీలు పళ్లెం, అందులో పది పూతరేకులు, పైన రెండు జీడిపప్పులు. అలాంటిది ఎవడైనా తీయగలడు, మన ఊరి మొహం చూడనివాడు కూడా. వాడు తీయలేనిది మా అమ్మ పని చేసేటప్పుడు కనపడేది. బోర్లించిన కుండ, నూనె తాగి తాగి నల్లగా నిగనిగలాడే దాని వీపు. కింద ఎండు కొబ్బరాకు మంట. పక్కన గిన్నెలో జయ బియ్యం రుబ్బిన పిండి, పాలలా పల్చగా. పల్చటి గుడ్డని అందులో ముంచి, రెండు చేతులా కొసలు పట్టుకుని కుండ మీద ఒక్కసారి అలా లాగుతుంది. అది సుయ్‌మనే లోపే రేకు అంచు దగ్గర లేచిపోతుంది. వేలితో మెల్లగా ఎత్తి పక్కన పెడితే, ఆ రేకులోంచి అవతలి దీపం కనపడుతుంది. మంట కాస్త ఎక్కువైతే రేకు చిల్లులు పడుతుంది, తక్కువైతే అంటుకుపోతుంది. మా అమ్మ ఆకు ఎప్పుడు ఎగదోయాలో చూసి కాదు, చెవితో విని చెబుతుంది.

ఇది ముప్పై సెకన్ల వీడియో. మీ వసారాలో రోజూ జరిగేదే. తీయండి. పళ్లెం ఫొటో పక్కన ఇది ఉంటే, కొనేవాడికి ఎవరు చేస్తున్నారో, ఎవరు తెచ్చి అమ్ముతున్నారో విడిగా చెప్పక్కర్లేదు.

యూట్యూబ్ వాళ్లు వచ్చి తీస్తున్నారుగా అంటారు. తీస్తున్నారు. మా వీధిలోకే ఏడాదికి ఐదారుగురు వస్తారు. "అమ్మగారూ, ఇంకోసారి గుడ్డ వేయండి" అని పది సార్లు వేయిస్తారు, రేకు తుంపుకుని తింటారు, నమస్కారం పెట్టి వెళ్తారు. వీడియోని లక్షల మంది చూస్తారు. కింద కామెంట్లలో "ఆ పెద్దావిడ అడ్రస్ చెప్పండి" అని అడిగినవాళ్లకి జవాబిచ్చే దిక్కుండదు. వాళ్లని రానివ్వొద్దని నేను అనను. కానీ కెమెరా తెరవకముందే "వీడియో కింద మా నంబరు వేస్తారా" అని అడగండి. వేస్తానన్నాకే కుండ కింద మంట పెట్టండి.

పెద్ద యాప్‌లలో అమ్మడం గురించి నా అభిప్రాయం అడుగుతారేమో. తొందరపడొద్దనే చెబుతాను. కమీషన్ గట్టిగానే ఉంటుంది, విరిగిన సరుకు వాపసు మన నెత్తినే పడుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, కొన్నవాళ్ల నంబరు మన చేతికి రాదు. కూకట్‌పల్లి ఆవిడ విషయంలో మనం పోగొట్టుకున్నది అదే కదా. ముందు మన పేరు, మన నంబరు, మన పెట్టె. యాప్ ఆ తర్వాత.

పన్నుల సంగతి కూడా దాచకూడదు. మన రాష్ట్రంలోనే సరుకు అమ్ముకుంటే ఏడాదికి 40 లక్షల టర్నోవరు దాకా జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 2023 అక్టోబరు 1 నుంచి ఆ పరిధిలో ఉన్న చిన్నవాళ్లు రిజిస్ట్రేషన్ లేకుండానే యాప్‌ల ద్వారా రాష్ట్రంలోపల అమ్ముకోవచ్చు. చిక్కంతా హైదరాబాద్‌తోనే. మనకి అది పక్క ఊరులాగే అనిపిస్తుంది, మన పిల్లలంతా అక్కడే ఉన్నారు. కానీ చట్టం లెక్కలో అది వేరే రాష్ట్రం. వేరే రాష్ట్రానికి పన్ను పడే సరుకు అమ్మితే టర్నోవరు ఎంత తక్కువైనా జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ ఉండాలి. కాంపొజిషన్ పథకంలో, అంటే అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను కట్టే చిన్న వ్యాపారుల పథకంలో ఉన్నవాళ్లు అసలు బయటి రాష్ట్రానికి అమ్మకూడదు. మూడు కుండల మనిషి ఎప్పటికప్పుడు పన్ను రిటర్నులు వేసుకోగలడా? వేసుకోలేడు. అందుకే సంఘం పెద్దలను ఒక మాట అడగాలనుకున్నాను.

2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. ఊరంతా స్వీట్లు పంచుకున్నాం. పూతరేకుల ఊళ్లో స్వీట్లు పంచుకోవడం ఏమిటో గానీ, పంచుకున్నాం. ఆ గుర్తింపు పదేళ్లకి, తర్వాత పునరుద్ధరించుకోవాలి. సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన బయటివాడు మన పేరు వాడటం ఆగదు, అది మనం వాడుకుంటేనే పనిచేస్తుంది. తయారీదారులు ఒక్కొక్కరూ చెన్నైలోని జీఐ రిజిస్ట్రీలో అధీకృత వినియోగదారుగా, అంటే ఆ గుర్తింపు వాడుకునే హక్కు ఉన్నవారిగా నమోదు కావాలి. ఆ దరఖాస్తు రుసుము 2020లో 500 నుంచి 10 రూపాయలకి తగ్గించారు. పది రూపాయలండి, ఒక పూతరేకు కూడా రాదు దానికి. కష్టమల్లా కాగితాలు నింపడమే. ఆ పని సంఘం మీద వేసుకోవాలి.

అలా నమోదైనవాళ్లందరితో సంఘం ఒక వెబ్‌సైట్ పెట్టాలి. ఆడంబరం వద్దు. ఊరి మ్యాపు, తయారీదారు ఫొటో, నంబరు, ఎవరి ప్రత్యేకత ఏమిటో ఒక వాక్యం. ఫలానా ఇంట్లో బెల్లంవి బాగుంటాయి, ఫలానావారు చుట్టని రేకులు అమ్ముతారు, ఫలానావారు పంచదార లేనివి చేస్తారు. జీఎస్‌టీ భారం మోయలేని ఇళ్ల సరుకుని సంఘమే కొని, ఒకే రిజిస్ట్రేషన్ మీద బయటి రాష్ట్రాలకి పంపే దారి ఉందేమో ఒక మంచి ఆడిటరుతో కూర్చుని తేల్చాలి. కొట్టు ఉన్నవాళ్లకి ఇది నచ్చకపోవచ్చు, ఇంట్లో చేసేవాళ్లు నేరుగా అమ్మితే మా బేరం ఏం కావాలి అనొచ్చు. వాళ్ల భయాన్ని తీసిపారేయను. కానీ ఈ రోజున మీ బేరం తీసుకెళ్తున్నది పక్కింటి అక్క కాదు, మనూళ్లో అడుగు పెట్టనివాడు. వాడితో ఒక్కరే తగువు పడతారా, ఊరంతా కలిసి పడదామా?

ఆన్‌లైన్‌లో కనపడితే దొంగలకీ కనపడతాం. ఇది చెప్పకపోతే తప్పవుతుంది. "మిలిటరీ క్యాంపుకి యాభై పెట్టెలు కావాలి, అడ్వాన్సు పంపుతున్నాం, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అని ఫోన్ వస్తుంది. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, పిన్ కొట్టామంటే మన డబ్బు పోయినట్టే. పంపామని స్క్రీన్‌షాట్ చూపిస్తే నమ్మకండి, బ్యాంకులో పడిందో లేదో చూసుకున్నాకే పెట్టె కట్టండి. పొరపాటున పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

చెడ్డ రివ్యూలు కూడా వస్తాయి. ఎక్కువగా వచ్చేవి రుచి మీద కాదు, విరిగిపోయాయనీ మెత్తబడిపోయాయనీ. అది నా కళ్లముందు జరిగే సంగతే కాబట్టి చెబుతున్నాను, వానాకాలంలో పెట్టె లోపల గాలి చొరని కవరు లేకుండా పంపకండి. పెట్టెకీ పై అట్టపెట్టెకీ మధ్య ఖాళీ ఉంటే కాగితం ఉండలు కూరండి. చేసిన తేదీ, ఎన్నాళ్లలోపు తినాలో, ఫుడ్ సేఫ్టీ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) నంబరు అచ్చు వేయించండి. తిట్టినవాళ్లకి తిరిగి తిట్టు రాయకండి. "క్షమించండి, ఇంకో పెట్టె పంపుతాం" అని రాస్తే, ఆ జవాబుని తర్వాత వచ్చే వందమంది చదువుతారు.

ఆదివారం మధ్యాహ్నం మా కౌంటర్ మూసేస్తాం. రెండింటి నుంచి దీపాలవేళ దాకా నేను ఆత్రేయపురంలో మా అమ్మ ఇంట్లోనే ఉంటాను. వచ్చినవాళ్లకి ప్రొఫైల్ పెట్టి ఇస్తాను, వాట్సాప్ బిజినెస్ నేర్పిస్తాను, రూపాయి తీసుకోను. వచ్చేటప్పుడు కొట్టు తాళాలు, ఫోను, మీ సొంత మెయిల్ ఐడీ ఉంటే అది తెచ్చుకోండి. వీడియో తీయడానికి అక్కణ్నుంచి నేనే మీ కొట్టు దాకా వస్తాను. మీ ఖాళీ పెట్టె ఒకటి కూడా మర్చిపోకండి. ఆవు బొమ్మ తీసేసి ఆ చోట మీ పేరూ నంబరూ ఎంత అక్షరాల్లో పడతాయో స్కేలు పెట్టి కొలుద్దాం.

ఇట్లు,
రేకులు తీసే ఇంటి ఆడపిల్ల,
పార్సిల్ కౌంటర్, రావులపాలెం